మాయా రైతుల మిల్పా: నరికి కాల్చిన చోటే అడవి మళ్లీ ఎలా లేస్తుంది?

చెలక_రాజు
మెక్సికోల యుకతాన్ దిక్కు మాయా రైతులు అడవి నరికి, కాలవెట్టి మక్కలు ఏస్తరు. దాన్ని మిల్పా అంటరు. 2022ల ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాల పెట్టింది. గదే పని మన ఏజెన్సీల జేస్తే పోడు అంటరు, కేసు వెడ్తరు. తేడా యాడుంది? కాల్చినంక అడవి మళ్ల ఎట్ల లేస్తది? తెలిసినోళ్లు మొదటికెల్లి చెప్పుండ్రి. "ప్రకృతి ఒడిలో" అసొంటి ముచ్చట్లు వద్దు. ఎన్ని గింజలు, ఎంత దూరం, ఎన్ని ఏండ్లు, గవి గావాలె.

మోడుచిగురు
రాజు గారూ, ముందు నేల సంగతి చూడాలి. యుకతాన్ ఉత్తర భాగంలో పైన పారే నది ఒక్కటీ కనిపించదు. కిందంతా సున్నపురాయి. వాన పడితే పగుళ్లలోంచి నేరుగా భూగర్భంలోకి దిగిపోతుంది. పైన మట్టి చాలాచోట్ల జానెడు కూడా ఉండదు, మధ్యలో రాళ్లు తేలి ఉంటాయి. అక్కడ నాగలి దిగదు. పోడుతో మొదటి తేడా ఇదే: మన తూర్పు కనుమల్లో పోడు వాలు మీద చేస్తారు, చెట్టు పోతే మట్టి వానకు జారుతుంది. అక్కడ నేల చాలావరకు బల్లపరుపు. నీళ్లు పక్కకు పారకుండా కిందికి ఇంకుతాయి కాబట్టి కోత తక్కువ. కానీ ఆ నీళ్లతోపాటు పోషకాలు కూడా మక్క వేళ్లకు అందని లోతుకు పోతాయి. వాటిని మళ్లీ పైకి లాగేది చెట్టు వేరే.

అందుకే వాళ్లు పొలం ఎంచేటప్పుడు మట్టితోపాటు దాని మీద ఏ చెట్లు లేచాయో కూడా చూస్తారు. మట్టికి పేర్లున్నాయి. రాళ్ల గుట్టల మీద ఆకు కుళ్లిన నల్లమట్టి 'బోష్ లూమ్'. పల్లాల్లో పేరుకునే ఎర్రమట్టి 'కన్‌కబ్'. రాయి తప్ప మట్టి లేనిది 'త్సెకెల్'. వానాకాలం నీరు నిలిచే బంకనేల 'అకల్చే'. ఒకే పొలంలో మూడు గజాలకొక రకం తగులుతుంది కాబట్టి ఏ గింజ ఎక్కడ అన్నది కూడా అలాగే మారుతుంది.

పొలాన్ని కొలిచేది మెకాతేల్లో. ఒక మెకాతే అంటే 20 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు, అంటే 400 చదరపు మీటర్లు. 25 మెకాతేలు ఒక హెక్టారు.

ఇక మీ అసలు ప్రశ్న. అడవి విత్తనం నుంచే తిరిగి రావాలంటే చాలా కాలం పడుతుంది. అక్కడ ఎక్కువ భాగం మోడు నుంచి లేస్తుంది. చెట్టును నేలమట్టానికి నరకరు, మోకాలి నుంచి నడుము ఎత్తు మధ్య నరుకుతారు. వేరు బతికే ఉంటుంది, మక్క కోసే నాటికే మోడు పక్కల చిగుళ్లు మనిషెత్తు వస్తాయి. పండ్ల చెట్లు, కప్పుకు ఆకునిచ్చే షాన్ తాటి, తేనెటీగలు వాలే చెట్లు అసలు నరకరు. పొలం చుట్టూ, దారుల వెంబడి అడవి పట్టీ ఒకటి వదిలేస్తారు, దాని పేరు 'తోల్చే'. విత్తనం, పక్షి, గబ్బిలం మళ్లీ లోపలికి వచ్చేది దాన్లోంచే.

నిప్పుగీత
మంట గురించి నేను రాస్తాను. ఎక్కువమంది తప్పుగా అనుకునేది అక్కడే.

ముదురు అడవి అయితే వానలు తగ్గే కాలంలో, అంటే సెప్టెంబరు నుంచి జనవరి లోపు నరుకుతారు. అప్పటికి కర్రలో తడి ఉండి గొడ్డలికి మెత్తగా తెగుతుంది, ఆరడానికి నెలల టైము దొరుకుతుంది. ఆరేడేళ్ల లేత పొద అయితే ఆలస్యంగా నరికినా ఆరిపోతుంది. నరికింది నరికినట్టు వదలకూడదు. కొమ్మలు విడగొట్టి, పొలమంతా ఒకే మందంగా పరవాలి. ఒకచోట గుట్ట పోస్తే అక్కడ మంట గంటలకొద్దీ నిలిచి మోళ్లు వేరుతో సహా చస్తాయి, పక్కన కర్ర కాలకుండా మిగిలిపోతుంది.

తర్వాత ఫైర్ లైన్. స్పానిష్‌లో గ్వార్దరాయా అంటారు. పొలం చుట్టూ కనీసం రెండు మూడు మీటర్ల వెడల్పున ఆకూ అలమూ ఊడ్చి మట్టి కనబడేలా చేయాలి. గాలి పోయే వైపు ఇంకా వెడల్పు కావాలి. కాల్చేది మార్చి నుంచి మే లోపు, తొలి వానకు ముందు. గాలి పోయే వైపు అంచును ముందు అంటించి, మంటను గాలికి ఎదురుగా నెమ్మదిగా పొలంలోకి రానిస్తారు. ఆ అంచు నల్లగా అయ్యాక అవతలి వైపు అంటిస్తే మంట గాలితో పరుగెత్తి వచ్చి, కాలిపోయిన చోట ఆగిపోతుంది. గాలి సరిపోకపోతే ఈల వేసి గాలిదేవుణ్ణి పిలుస్తారు. దాని ఫలితం నేను చెప్పలేను గానీ, ఈల వేసేంత దగ్గర్లో నలుగురు మనుషులు కాపలా ఉన్నారన్న మాట మాత్రం నిజం.

తప్పేది రెండు చోట్ల. వాన తొందరపడితే సగమే కాలుతుంది. అప్పుడు మిగిలిన కర్రను కుప్పలు పోసి మళ్లీ కాల్చాలి, కలుపు విత్తనం చావదు, బూడిద తక్కువ. వాన మరీ ఆలస్యమైతే బూడిద గాలికి ఎగిరిపోతుంది. కాల్పుకూ తొలి వానకూ మధ్య ఎడం ఎంత తక్కువ ఉంటే అంత మేలు. మెక్సికోలో 2007 నాటి అధికారిక నిబంధన ప్రకారం ఇప్పుడు పొలం మంటకు ముందుగా చెప్పాలి, రాష్ట్రాలు కాల్పు తేదీల పట్టిక కూడా ఇస్తాయి. గాలి గురించి ఆ పట్టికకు తెలియదు కదా, అదో చిక్కు.

విత్తనాలమూట
విత్తు సంగతి నాది.

పరికరం ఒక్కటే: 'షూల్' అనే పొడుపు కర్ర, కొనకు ఇనుప మొన. రాళ్ల మధ్య మట్టి ఉన్న చోట పొడిచి, నాలుగైదు వేళ్ల లోతు గుంత చేసి, భుజాన వేలాడే సంచిలోంచి గింజలు వేసి, కాలితో మట్టి తొయ్యడమే. గుంతకూ గుంతకూ సుమారు మీటరు. ఒక్కో గుంతలో నాలుగైదు మక్క గింజలు, ఒకటో రెండో చిక్కుడు గింజలు. అక్కడక్కడా, ప్రతి గుంతలో కాదు, గుమ్మడి. లెక్క వేస్తే మెకాతేకు 400 గుంతలు, 1,600 నుంచి 2,000 మక్క గింజలు, అంటే అరకిలో పైచిలుకు. హెక్టారుకు 12 నుంచి 15 కిలోలు చాలు.

మన హైబ్రిడ్ మక్కను సాలులో ఒక్కో గింజ పెట్టడానికి అలవాటుపడ్డ కంటికి ఇది వింతగా ఉంటుంది. గుంపుగా వేయడానికి కారణాలున్నాయి. దున్నని నేలలో అన్ని గింజలూ మొలవవు, రెండు చీమలకూ ఉడతకూ పోతాయి. మిగిలిన మూడు కాండాలు ఒకదాన్నొకటి పట్టుకుని గాలికి నిలబడతాయి, చిక్కుడు తీగకు పందిరి అవుతాయి.

మక్క కూడా ఒకే రకం కాదు. 'నల్ తేల్' పొట్టి రకం, పేరుకు అర్థం కోడిపుంజు మక్క, రెండు నెలలు దాటగానే పాలకంకి. 'త్సీత్ బకల్' సన్న బెండు రకం, మధ్యస్థం. 'ష్నూక్ నల్' పొడుగు రకం, కోతకు నాలుగు నెలలు. ఎందుకిన్ని అంటే జులై, ఆగస్టుల్లో వాన కొన్ని వారాలు ఆగిపోతుంది, దాన్ని కానీకులా అంటారు. మక్క పూతకు వచ్చిన పది రోజుల్లో ఎండ తగిలితే కంకిలో గింజ కట్టదు. పొట్టి రకం ఆ ఎండకు ముందే గట్టెక్కుతుంది, పొడుగు రకం ఎండ దాటాక పూస్తుంది. రెంటిలో ఒకటైనా చేతికి వస్తుంది. పొట్టి రకాన్ని ఇంటికి దగ్గర్లోని మంచి నల్లమట్టిలో కొద్దిగా వేస్తారు, కొత్త పంట వచ్చేదాకా గింజ అయిపోయిన నెలలకు అదే ఆధారం.

చిక్కుళ్లలో తీగ నల్లచిక్కుడు, 'ఈబ్' అనే లిమా చిక్కుడు, ఇంకా 'ష్పెలోన్'. ఈ ష్పెలోన్ ఎవరో కాదు, మన బొబ్బర్లే. ఆఫ్రికాలో పుట్టి, స్పెయిన్ వాళ్ల కాలంలో అక్కడికి చేరి, ఇప్పుడు అక్టోబరు చివర పితృదేవతల పండుగకు ఇది లేనిదే వంట కాదు. గుమ్మడిలో ఒక రకాన్ని గింజల కోసమే వేస్తారు. ఎండిన గింజ నిలవుంటుంది, సంతలో డబ్బులొస్తాయి.

లెక్కలమాస్టారు
అందరూ మంచి పక్కే చూపిస్తున్నారు, దిగుబడి మాట ఎవరూ ఎత్తలేదు. వాన మీద ఆధారపడ్డ యుకతాన్ మిల్పాలో మక్క హెక్టారుకు ఒక టన్ను దాటితే గొప్ప. చాలా ఏళ్లు అంతకంటే తక్కువే. మన దగ్గర నీటి కింద హైబ్రిడ్ మక్క ఎన్ని రెట్లు ఇస్తుందో అందరికీ తెలుసు. పైగా రెండేళ్లకే వదిలేసి ఇంకో చోటికి పోవాలి.

భూమి లెక్క చూడండి. ఒక కుటుంబానికి ఏటా 2 హెక్టార్ల మక్క కావాలనుకుందాం. ఒక చోట 2 ఏళ్లు పండించి 18 ఏళ్లు వదిలేస్తే 20 ఏళ్ల చక్రం. ఏ సంవత్సరం చూసినా భూమిలో పదో వంతే పంట కింద ఉంటుంది. అంటే కుటుంబానికి 20 హెక్టార్లు. 4 ఏళ్లు పండించి 16 ఏళ్లు వదిలితే 10 హెక్టార్లు. భూమి తగ్గి వదిలే కాలం 6 ఏళ్లకు పడిపోతే ఇదంతా కూలుతుంది. నిలకడ అని పేరు పెట్టేముందు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

మోడుచిగురు
మాస్టారూ, లెక్క సరే. రెండేళ్లకే వదలడానికి కారణం మాత్రం మీరు అనుకున్నది కాకపోవచ్చు. నేల సారం అయిపోయిందని అందరూ అంటారు. మొదటి ఏడు బూడిద పొటాషియం, భాస్వరం ఇస్తుంది, నత్రజని మాత్రం మంటలో చాలావరకు గాలిలో కలిసిపోతుంది. రెండో ఏడు దిగుబడి తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తగ్గుదలలో పెద్ద వాటా కలుపుది. మొదటి ఏడు మంట కలుపు విత్తనాన్ని చంపుతుంది, ఒక్కసారి కలుపు తీస్తే చాలు. రెండో ఏడు గడ్డి వస్తుంది, రెండు మూడుసార్లు తియ్యాలి. మూడో ఏడు కలుపు కూలి, కొత్త అడవి నరికే కూలి కంటే ఎక్కువవుతుంది. అప్పుడే వదులుతారు. మొదటి ఏటి పొలానికీ రెండో ఏటి పొలానికీ వేరువేరు పేర్లుండడం ఊరికే కాదు: 'చక్బెన్', 'సకబ్'. రెండూ రెండు రకాల పని.

కలుపు తీసే తీరులో కూడా కిటుకుంది. కొన వంకర తిరిగిన 'లోబ్చే' కత్తితో గడ్డిని నేల దగ్గర గీకుతారు. గడ్డిని గీకాలి, మోడు చిగురును మాత్రం నడుము ఎత్తులో విరిచేయాలి. మక్కకు నీడ తగలకూడదు, మోడు చావకూడదు.

ఇక్కడే ఇవాళ్టి అసలు ప్రమాదం ఉంది. గత కొన్ని దశాబ్దాలుగా 2,4-డి లాంటి కలుపు మందులు వచ్చాయి. అది వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది, గడ్డిజాతి మక్కను వదిలేస్తుంది. పైకి సుఖంగా ఉంటుంది. కానీ చిక్కుడు వెడల్పాకే, గుమ్మడి వెడల్పాకే, మోడు చిగురు కూడా వెడల్పాకే. ఒక్క పిచికారీతో మూడు పంటల పొలం ఒక్క పంట అవుతుంది, మోళ్లు కుళ్లిపోతాయి. మిగిలేది గడ్డి. గడ్డి ఎండితే అంటుకుంటుంది, అంటుకున్న చోట గడ్డే మళ్లీ ముందు లేస్తుంది. వదిలిన ఏళ్ల లెక్క కాగితం మీద 10 అని ఉన్నా అక్కడ అడవి రాదు. వదిలే కాలం తగ్గడం కంటే మోళ్లు చావడం పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం.

చెలక_రాజు
గిది మంచిగ సమజైంది. మోడు సస్తే కథ ఒడిసినట్టే. ఇంకోటి, గింజ ఎట్ల దాస్తరు? గంత వాన, గంత ఉక్కపోత దేశంల మక్కకు ముక్కు పురుగు పట్టదా?

విత్తనాలమూట
పడుతుంది, అందుకే గింజ ముదిరాక మొక్కను పడుకోబెడతారు. కంకి కిందుగా కాండాన్ని విరిచి, కంకి తల నేలవైపు వేలాడేలా వంచుతారు. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య ఈ పని. వాన నీరు తొడుగు కొనలోంచి లోపలికి దిగదు, పక్షికి నిలబడి పొడిచే వీలు తగ్గుతుంది, గాలివానకు మొక్క పడిపోదు, కింద చిక్కుడుకు ఎండ తగులుతుంది. గింజ పొలంలోనే ఆరుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా కావలసినప్పుడు కోసుకుంటారు, పొలమే సగం గాదె.

తొందరపడి వంచితే గింజ తాలు అవుతుంది. గింజ అడుగున, బెండుకు అంటుకున్న చోట, నల్ల చుక్క కనిపించాక వంచాలి.

ఇంటికి తెచ్చాక ఒలవకుండా, తొడుగుతోనే గాలాడే కర్ర గాదెలో నిలువుగా, దగ్గర దగ్గరగా పేరుస్తారు. వరసల మధ్య సున్నం చల్లడం ఉంది. నాటు రకాల తొడుగు కంకిని దాటి కొనదాకా బిగుతుగా మూసుకుంటుంది, ముక్కు పురుగుకు దారి దొరకదు. హైబ్రిడ్‌లో కంకి పెద్దదై కొన బయటపడుతుంది, అదే గాదెలో పెడితే కొన్ని నెలలకే పిండి. విత్తనానికి ఎంచేటప్పుడు కంకి పెద్దదా అని కాదు, తొడుగు ఎంత బిగుతుగా ఉందా అని చూస్తారు.

పురుగు మాట వచ్చింది కాబట్టి: 2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు పుట్టిల్లు అమెరికా ఖండాలే. మిల్పాలో కూడా అది ఉంది. మూడు పంటల మధ్య, పక్కన అడవి పట్టీలోంచి వచ్చే కందిరీగలు, చీమల మధ్య సాధారణంగా అదుపులో ఉంటుంది. పూర్తిగా ఉండదని చెప్పేవాళ్లను నమ్మకండి.

సున్నపుతేట
పొలం దాటి వంటింటికి రండి, సగం కథ అక్కడుంది. మక్క తినే జనానికి నియాసిన్ కొరతతో పెల్లాగ్రా వస్తుంది, చర్మం పొలుసులూడి, విరేచనాలు, మతి తప్పడం. యూరపు పేదలు మక్క మీద బతికి ఆ జబ్బుతో చచ్చారు, మక్కను పుట్టించిన జనం మాత్రం వేల ఏళ్లు తిని బతికారు. కారణం సున్నం. మక్కలో నియాసిన్ ఉంది, కానీ కట్టుబడి ఉంటుంది. సున్నపు నీళ్లలో ఉడికితే విడుదలవుతుంది.

కొలత: కిలో ఎండు మక్కలకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు, 10 గ్రాముల తినే సున్నం. సున్నాన్ని ముందు కొద్ది నీళ్లలో కలిపి పోయాలి. సన్న సెగ మీద 30 నుంచి 45 నిమిషాలు, దించి మూతపెట్టి రాత్రంతా. పొద్దున చేత్తో నలిపి నాలుగైదుసార్లు కడిగితే పైతోలు ఊడుతుంది. సున్నం తక్కువైతే తోలు ఊడదు, పిండి ముద్ద సాగదు. ఎక్కువైతే గింజ ముదురు పసుపై సబ్బు రుచి వస్తుంది. అల్యూమినియం గిన్నె వాడొద్దు, సున్నం దాన్ని తింటుంది. గోడలకు వేసే సున్నం అసలు వద్దు.

మనకు దీనితో సంబంధం ఉంది. దక్కనులో జొన్న మీదే బతికిన పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే హైదరాబాదు పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో దానిపై రాశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం కారణమని వాళ్ల ప్రతిపాదన. జొన్నతో పప్పు తినగలిగిన ఇంట్లో ఆ జబ్బు అరుదు. మిల్పాలో మక్క పక్కన చిక్కుడు ఉండడానికి కూడా అదే అర్థం: మక్కలో తక్కువున్న లైసిన్ చిక్కుడు ఇస్తుంది.

పాతరాతిగోడ
పాత కాలం సంగతి. మాస్టారి లెక్కే ఇక్కడ పనికొస్తుంది. గ్వాటెమాల ఉత్తర అడవుల మీద విమానం నుంచి లేజరు కిరణాలతో 2,100 చదరపు కిలోమీటర్ల పైన కొలిచారు, ఫలితాలు 2018లో వచ్చాయి. చెట్ల కింద 60 వేలకు పైగా కట్టడాలు బయటపడ్డాయి. దాన్నిబట్టి క్రీ.శ. 650–800 మధ్య మాయా మధ్య పల్లపు భూముల్లో 70 లక్షల నుంచి 1 కోటి 10 లక్షల మంది ఉండి ఉంటారని అంచనా. చదరపు కిలోమీటరుకు 80 నుంచి 120 మంది.

చదరపు కిలోమీటరంటే 100 హెక్టార్లు. నూరు మంది, ఇంటికి ఐదుగురు, అంటే 20 ఇళ్లు. ఇంటికి 5 హెక్టార్లు. మాస్టారు చెప్పిన 10 హెక్టార్ల చక్రం ఇందులో పట్టదు. కాబట్టి మిల్పా ఒక్కటే కోటి మందిని పోషించిందనడం కుదరదు. అదే కొలతల్లో మెట్టపొలాల గట్లు, చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి ఎత్తిన మడులు కూడా కనిపించాయి. ఊళ్ల మధ్య ఇంటి తోటలుండేవి. వదిలే కాలం కూడా అప్పట్లో తక్కువే అయివుండాలి, కలుపుకు చేతులు ఎక్కువ కాబట్టి.

లెక్కలమాస్టారు
మరి ఆ పాత మాయా నగరాలవాళ్లు చివరకు అడవి మొత్తం నరుక్కునే కూలిపోయారు కదా. చెరువు అడుగు బురదలో చెట్ల పుప్పొడి తగ్గిందని చదివాం.

పాతరాతిగోడ
ఆ పుప్పొడి వాదనకు ఒక కన్నం ఉంది. చెరువులో పడేది ఎక్కువగా గాలికి ఎగిరే పుప్పొడి. ఆ అడవిలో చాలా చెట్లకు తేనెటీగ, గబ్బిలం పుప్పొడి మోస్తాయి, అవి చెరువు బురదలో పెద్దగా కనబడవు. బెలీజ్, గ్వాటెమాల సరిహద్దులోని ఎల్ పిలార్ దగ్గర 1983 నుంచి పనిచేస్తున్న పురావస్తు పరిశోధకురాలు అనాబెల్ ఫోర్డ్ చెప్పేది ఇదే. గడ్డి పుప్పొడి పెరిగిందంటే అడవి పోయిందని కాదు, పొలం, పొద, తోట కలిసిన నేల అయిందని ఆమె వాదన. ఇవాళ అక్కడి అడవిలో ఎక్కువగా కనిపించే చెట్లలో చాలావరకు మనిషికి పనికొచ్చేవే కావడం కూడా ఆ వాదనకు బలం.

ఇటువైపు సాక్ష్యం కూడా చెప్పాలి. గ్వాటెమాలలోని పాత మాయా నగరం తికాల్ గుడుల ద్వారబంధాలకు సపోటా దూలాలు వాడేవారు. 8వ శతాబ్దం మధ్యలో ఉన్నట్టుండి నాసి రకం కర్రకు మారారు. పెద్ద సపోటా దొరకలేదన్నమాట. తర్వాత 800–1000 మధ్య కరువులు. యుకతాన్‌లోని చిచంకనాబ్ సరస్సు మట్టి పొరలే సాక్షి. నా మాట: నగరాల చుట్టూ అడవి మీద ఒత్తిడి నిజం, రైతు పద్ధతి వల్లే నాగరికత కూలిందన్నది అతి. రాజులు పోయారు, కోటలు పోయాయి, మిల్పా మాత్రం నిన్నటి వేసవిలో కూడా కాలింది.

చెలక_రాజు
సపోటా అంటే మనం తినే సపోటానేనా?

పాతరాతిగోడ
అదే చెట్టు. మధ్య మెక్సికో నహువా భాషలోని 'త్సపోత్ల్' స్పానిష్‌లో సపోతే అయి మన దగ్గరికి సపోటాగా వచ్చింది. మిల్పా అన్న మాట కూడా నహువాదే, మాయా రైతు తన పొలాన్ని 'కోల్' అంటాడు. సపోటా చెట్టు పాల నుంచే ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారు. మన గట్ల మీద పచ్చిరొట్టకు పెంచే గ్లిరిసిడియా, కాగితం మిల్లులకు పెంచే సుబాబుల్, రెండిటి పుట్టిల్లు ఆ ప్రాంతమే. యుకతాన్‌లో గ్లిరిసిడియాను 'సక్ యాబ్' అంటారు.

మోడుచిగురు
వదిలిన పొలం గురించి ఇంకా చెప్పాలి. 'బీడు' అన్న మాట ఇక్కడ మోసం చేస్తుంది. మన బీడు అంటే ఏమీ లేని నేల. అక్కడ వదిలిన పొలం రోజూ వెళ్లే చోటు. మొదటి ఏళ్లలో దుంపలు, బొప్పాయి దొరుకుతాయి. తర్వాత కట్టెలు, ఇంటి వాసాలు, మందుమొక్కలు, లేత చిగుళ్లకు వచ్చే దుప్పి. వదిలిన కొత్తలో 'తాహోనల్' అనే పసుపు పూల మొక్క పొలమంతా కమ్ముతుంది, చలికాలం తేనె చాలావరకు దానిదే. కుట్టని తేనెటీగ 'షునాన్ కబ్'ను బోలు దుంగల్లో పెంచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తేనె అమ్మిన డబ్బు వల్లనే చాలామంది పొదను ట్రాక్టరుకు అప్పజెప్పకుండా ఆగారు.

తిరిగి లేచే అడవిని మనిషి తొందరపెట్టనూ వచ్చు. మెక్సికోలోనే చియాపాస్ రాష్ట్రంలోని లకాందోన్ మాయాలు, ముఖ్యంగా లకంహా చన్సయాబ్ ఊరి వాళ్లు, వదిలిన పొలంలో 'చుహూమ్' విత్తనం చల్లుతారు. అది బాల్సా చెట్టు. కొన్నేళ్లలోనే గొడుగు పట్టి గడ్డినీ, ఫెర్నునూ నీడతో చంపుతుంది, పెద్దపెద్ద ఆకులు రాల్చి నేలను కప్పుతుంది. యుకతాన్ దక్షిణాన పదేపదే కాల్చిన పొలాలను ఒక రకం ఫెర్ను ఆక్రమించి అడవిని లేవనివ్వడం లేదు. అక్కడ ఇలాంటి చెట్టే మందు. విత్తనం దూదిలో ఉంటుంది, ఎక్కువ మట్టి కప్పితే మొలవదు, ఎండ పడే ఖాళీ చోటే చల్లాలి.

ఇంకో దారి దూలగొండి. బెలీజ్, గ్వాటెమాలలోని కెక్చీ మాయా రైతులు రెండో పంట మక్కకు దాన్నే పచ్చిరొట్టగా వాడతారు. ఆ తీగ ఆసియా నుంచి వెళ్లింది. తీగ పరుచుకుని కలుపును అణిచేస్తుంది, నరికి అక్కడే పడేసి దానిలోంచే మక్క పొడుస్తారు, కాల్చరు. దురద లేని రకమే వాడాలి సుమా.

నిప్పుగీత
ఇప్పుడు ఆ నేల ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలి. మెక్సికోలో విప్లవం తర్వాత 1917 రాజ్యాంగం కింద ఊరుమ్మడి భూములు వచ్చాయి, వాటిని ఎహీదో అంటారు. ఈ ఏడు ఎవరు ఏ మూల నరకాలో ఊరు కూర్చుని తేల్చేది. 20 ఏళ్ల చక్రం అలాంటి చోటే నడుస్తుంది. ఒక్కొక్కరికి 3 హెక్టార్ల కంచె వేస్తే నడవదు. 1992లో రాజ్యాంగం మార్చి ఆ భూముల్ని విడగొట్టి అమ్ముకునే దారి తెరిచారు. రిసార్టులు, పశువుల బీళ్లు, సోయా వచ్చాయి.

కంపెచే రాష్ట్రంలో జన్యుమార్పిడి సోయా పుప్పొడి తేనెలో కలిసి ఎగుమతికి అడ్డం పడేసరికి మాయా తేనె రైతులు కోర్టుకెళ్లారు. ప్రజలను సంప్రదించకుండా ఇచ్చిన అనుమతిని 2015 నవంబరులో మెక్సికో సుప్రీంకోర్టు నిలిపేసింది. ఆ పోరాటంలో ముందున్న లేడీ పెచ్‌కు 2020లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. అదే 2015లో ఏప్రిల్‌లో కరీబియన్ న్యాయస్థానం దక్షిణ బెలీజ్‌లోని మాయా ఊళ్ల సంప్రదాయ భూహక్కును గుర్తించింది.

రాజు గారు మొదట అడిగిన దానికి ఇందులో సగం జవాబు ఉంది. పాత పోడులో కూడా సామలు, కొర్రలు, కందులు కలిపే వేసేవారు, కొండ మార్చి మార్చి ఏళ్లపాటు వదిలేవారు. తిరగడానికి కొండలు మిగలనప్పుడు ఒకే వాలు మీద ఏటా నాగలి తిరుగుతుంది. వారసత్వ జాబితాలోకెక్కింది తిరిగే చక్రం. కేసు పడేది ఆగిపోయిన చక్రం మీద.

లెక్కలమాస్టారు
ఆ చివరి మాట ఒప్పుకుంటాను, అయినా వాలు తేడా మరవద్దు. యుకతాన్ పద్ధతి తెచ్చి పాడేరు కొండ మీద పెడితే పదేళ్లలో రాయి తేలుతుంది, వదిలే కాలం ఎంతున్నా.

చెలక_రాజు
కొండ వద్దు, ఎర్ర చెలకల ఎకరంల గా మూడు పంటలు కలిపి ఏద్దామంటే ఏమైతది? ఊకె అడుగుతున్న.

విత్తనాలమూట
మూడు చోట్ల దెబ్బతింటారు, ముందే చెప్తాను. ఒకటి, పొట్టి హైబ్రిడ్ మక్క మీదికి బలమైన తీగ చిక్కుడు ఎక్కితే కాండం వంగిపోతుంది. పొడుగు నాటు మక్క కావాలి, లేదా పాకని బొబ్బర్లు వేసుకోవాలి. రెండు, మూడూ ఒకే రోజు వేస్తే చిక్కుడు మక్కను మించిపోయే ప్రమాదం ఉంది. మాయా రైతు ఒకే గుంతలో కలిపి వేస్తాడు నిజమే, కానీ అతని రకాలు తరాలుగా ఒకదానికొకటి సరిపోయినవి. మీరు మక్క మోకాలెత్తు వచ్చాక చిక్కుడు పెట్టండి. మూడు, గుమ్మడి ఎకరానికి 150 మొక్కలు మించొద్దు, మించితే కలుపు తీసే మనిషికి కాలు పెట్టే చోటుండదు.

గుంతకు మూడు మక్క గింజలు, గుంతల మధ్య మీటరు, అంటే ఎకరానికి 4,000 గుంతలు. కలుపు మందు కొట్టకూడదు, పైన మోడుచిగురు గారు చెప్పిన కారణమే. మందు కొట్టకపోతే 20వ రోజున ఒకసారి, 40వ రోజున ఒకసారి చేతి కలుపు తప్పదు. గుమ్మడి తీగ సాగాక రెండోది సులువవుతుంది. ముందు నాలుగు గుంటల్లో వేసి చూడండి, కూలి ఎంత పట్టిందో రాసి పెట్టుకోండి, దిగుబడి తూచేటప్పుడు మూడూ కలిపి తూచండి.

చెలక_రాజు
నాలుగు గుంటలంటే దగ్గరదగ్గర పది మెకాతేలు గదా. సరే, తొడుగు బిగుతుగున్న నాటు మక్క ఎవరి దగ్గరున్నా గీడ చెప్పుండ్రి.

విత్తనాలమూట
పది మెకాతేలైతే 4,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరం. మన గుంట 121 చదరపు గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. నాలుగు గుంటలంటే ఒక్క మెకాతేనే. 400 గుంతలు, 1,200 గింజలు.